గోలీలతో ఓటు వేయు గాంబియా దేశము



ఆఫ్రికా ఖండపు పటమును ముందుంచుకొని పడమటి తీరమును పరికించినచో, సెనెగల్ దేశములోనికి చొచ్చిన వేలివలె సన్నని దేశ మొకటి కానవచ్చును. అదియే గాంబియా. ఆ ఖండపు ప్రధాన భూభాగమున దీనికంటె చిన్న దేశము లేదు. గాంబియా నది కిరుగట్లను అంటియున్న నేలయే దేశమంతయు. వెడల్పు ఎచ్చటను 30 మైళ్లకు మించదు. పడమట అట్లాంటిక్ సముద్రము, తక్కిన మూడు దిక్కులను సెనెగల్. 2022 విభజనకు ముందు మన గుంటూరు జిల్లా విస్తీర్ణ మెంతయో ఇంచుమించుగ నిదియు నంతయే. 2024 జనాభా లెక్కలలో అచట సుమారు 24 లక్షల జనము తేలిరి.

ఈ వింత యాకృతికి కారణము నదియు, ఆ నదిపై విదేశీయులకు గలిగిన యాశయు. కొన్ని శతాబ్దులపాటు లోతట్టు పల్లెలనుండి మనుష్యులను పట్టి తెచ్చి, ఈ నదిమీదుగనే ఓడలకెక్కించి అమెరికాకు బానిసలుగ అమ్మిరి. నదీముఖమునకు చేరువనున్న జేమ్స్ దీవిలోని కోట ఆ వ్యాపారమునకు సాక్షి. ఆ దీవికి 2011లో కుంటా కింటే దీవి యని పేరు మార్చిరి. బానిస వ్యాపారమును అణచుటకని ఆంగ్లేయులు 1816లో బాథర్‌స్ట్ పట్టణమును కట్టిరి. నేటి రాజధాని బాంజుల్ అదియే. చుట్టుపట్ల ప్రదేశము ఫ్రెంచివారి వశమయ్యెను. 1889లో ఉభయులు ఒడంబడిక చేసికొని నదికి ఇటునటు గీత గీచిరి. గీతకు ఈవల నున్నవారును ఆవల నున్నవారును ఒకే భాషలు మాటలాడు చుట్టములే. అన్నదమ్ములు కలిసియున్న యింటిలో పొరుగువాడు వచ్చి గోడ పెట్టినట్లయ్యెను.

ప్రజలలో మండింకా జాతివారు మూడవ వంతు వరకు నుందురు. తరువాత ఫులా, వొలోఫ్, జోలా, సెరహూలే జాతులవారు. నూటికి తొంబదియైదుగురికి పైగా మహమ్మదీయులు, కొద్దిమంది క్రైస్తవులు. రాజభాష ఆంగ్లమే గాని సంతలో దాని పని స్వల్పము. ఊరి పెద్దను అల్కాలో యందురు. ఊరిని తొలుత నెలకొల్పిన వంశమువారికే సాధారణముగ ఆ పెద్దరికము దక్కును. పొలముల పంపకము, తగవుల పరిష్కారము అతని బాధ్యతలు. కొన్ని యూళ్లపై సేఫో యను అధికారి యుండును. ఊరి నడుమ పెనుచెట్టు నీడను పెద్దలు కూడి మాటలాడు చోటునకు బంతాబా యని పేరు. ఈ మాట విన్నంతనే మన రచ్చబండ స్ఫురింపక మానదు.

ఇక జీవనోపాధి. అచట వానలు జూన్ మొదలు అక్టోబరు వరకే. ఇసుక కలసిన మెట్టనేలలలో పురుషులు వేరుసెనగ వేయుదురు. నదీతీరపు పల్లపునేలలలో స్త్రీలు వరి పండింతురు. ఒకే యింటిలో ఆలుమగలకు వేర్వేరు పంటలు, వేర్వేరు పొలములు! వేరుసెనగ యెగుమతి 1830 ప్రాంతమున మొదలై, శతాబ్దమునకు పైగా ఆ దేశపు బొక్కసమును నింపెను. దానితోడనే చిక్కును వచ్చెను. ఒక్క పంటనే నమ్మినవాని బ్రతుకు దూరదేశపు ధర చేతిలో నుండును. ఆ సంగతి మన మెట్టరైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. పైగా నేల చదునగుటచే వేసవిలో సముద్రపు ఉప్పునీరు నదిలో నూరుమైళ్లకు పైగా ఎగబ్రాకును. వానలు తగ్గిన యేడు ఆ యుప్పు వరిమళ్లను చెరచును. కావున సెనగలమ్మి, తినెడు బియ్యములో అధికభాగమును విదేశములనుండి కొనుచున్నారు. ఆ కొనుగోలే నా దృష్టిలో ఆ దేశపు పేదరికమునకు మూలము.

సముద్రతీరమునకు 1965 నుండి ఐరోపావారు చలికాలమున విహారమునకు వచ్చుచున్నారు. దాని వలన కొంత రాబడి. అంతకంటె ముఖ్యము, విదేశములకు పోయిన బిడ్డలు ఇంటికి పంపు సొమ్ము. ఇటీవలి సంవత్సరములలో అది జాతీయాదాయమున అయిదవ వంతునకు పైబడినది. ఆ సొమ్ము కొరకే యువకులు సహారా యెడారి దాటి, లిబియా చేరి, పడవలెక్కుదురు. కొందరు తిన్నగా సముద్రముమీదనే పోవుదురు. 2019 డిసెంబరులో గాంబియానుండి బయలుదేరిన యొక పడవ మౌరిటానియా తీరమున మునిగి 60 మందికి పైగా చనిపోయిరి.

రాజ్యాంగ చరిత్రమును క్లుప్తముగ చెప్పెదను. 1965 ఫిబ్రవరి 18న స్వాతంత్ర్యము, 1970లో గణతంత్రము. తొలి అధ్యక్షుడు దావ్దా జవారా, చదువుచేత పశువైద్యుడు. 1994 జులైలో యాహ్యా జామే అను 29 ఏండ్ల సైనికోద్యోగి అతనిని తొలగించి అధికారము చేజిక్కించుకొనెను. విలేఖరులు చెరసాలల పాలైరి, కొందరు మాయమైరి. దైవసంకల్పమైనచో నూరుకోట్ల సంవత్సరములైనను పాలింతునని 2011లో అతడే చెప్పెను!

అట్టివానిని దింపినది గాజుగోలీ. బడిపిల్లల జేబులు దులిపి గోలీలు లాగికొనుటయే ధర్మమనుకొన్న వృత్తి నాది. వాటికింత శక్తి కలదని నేనెరుగను.

అక్షరములు రానివారు సయితము రహస్యముగ ఓటు వేయవలెనని 1960 దశకమునుండి అచట నమలైన పద్ధతి యిది. ఓటరు వ్రేలికి సిరా అంటించి, చేతికొక గోలీ నిత్తురు. తెర చాటున ఇనుప పీపాలుండును. అభ్యర్థికొకటి, దానికి అతని పక్షపు రంగు పూసి, అతని ఛాయాచిత్రమును గుర్తును అంటింతురు. పీపా మీది గొట్టమున గోలీని జారవిడువగనే అది లోపలి గంటకు తగిలి మ్రోగును. వెలుపలి అధికారి చెవియొగ్గి వినును. ఒకమారు మ్రోగిన సరి. రెండుమార్లు మ్రోగినచో మోసము. పడిన గోలీ మరల చప్పుడు చేయకుండ అడుగున ఇసుకయో రంపపు పొట్టో పరతురు. సైకిలు గంట విని అధికారి భ్రమపడకుండ ఎన్నికల తావున సైకిళ్లను రానీయరు. తుదకు గోలీలను 200 గాని 500 గాని గుంటలున్న పలకలలో పోసి, అందరి యెదుట లెక్కింతురు.

నవ్వుకొనవలదు. మన దేశమున 1952 నాటి తొలి ఎన్నికలలోను అభ్యర్థికొక పెట్టె పెట్టి, గుర్తు అంటించి, చీటీ నందులో వేయించిరి. మనము తరువాత ముద్ర వేయు పద్ధతికి మారితిమి. వారు గోలీని విడువలేదు.

2016 డిసెంబరు 1న ఎన్నిక జరిగెను. ఆదమా బారో యను వర్తకుడు, ఒకప్పుడు లండనులో కాపలా ఉద్యోగము చేసినవాడు, ఏడు పక్షముల కూటమి పక్షమున నిలిచి గెలిచెను. జామే మరునాడు ఓటమిని ఒప్పుకొనెను. అంతలో ఎన్నికల సంఘము కూడికలో దొర్లిన పొరపాటును తానే సరిదిద్ది ప్రకటించెను. ఆధిక్యము సుమారు 19 వేలకు తగ్గినను విజేత మారలేదు. అయినను డిసెంబరు 9న జామే ఫలితమును నిరాకరించెను. సంఘాధ్యక్షుడు, వృద్ధుడు, ప్రాణభయమున సెనెగల్‌కు పారిపోయెను. 2017 జనవరి 19న బారో సెనెగల్ రాజధాని డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయమున ప్రమాణము చేసెను. ఇరుగుపొరుగు దేశముల సేనలు సరిహద్దు దాటినవి. 21న జామే విమానమెక్కి దేశము వీడెను.

అటుపిమ్మట జామే కాలపు దౌర్జన్యములను విచారించుటకు నిజనిర్ధారణ సంఘ మేర్పడి, 2019 నుండి 2021 వరకు సుమారు 400 మంది సాక్షుల వాఙ్మూలములను బహిరంగముగ వినెను. వానిని జనులు ఇండ్లలో కూర్చుండి రేడియోలలో వినిరి.

రాజ్యాంగమును మార్చు పని మాత్రము నెరవేరలేదు. అధ్యక్షుడు రెండు పర్యాయములకు మించి యుండరాదను నియమముతో క్రొత్త రాజ్యాంగపు చిత్తుప్రతి సిద్ధమయ్యెను. 2020 సెప్టెంబరులో శాసనసభ యందు దానికి అనుకూలముగ 31 ఓట్లు, ప్రతికూలముగ 23 వచ్చినవి. నాల్గింట మూడు పాళ్ల బలము కావలసియుండుటచే ఆ 31 చాలక అది వీగిపోయెను. ఆ నియమమును కోరి కూటమికి గోలీలు వేసినవారికి ఇది ఆశాభంగమే.

2021 డిసెంబరు 4న మరల గోలీలు మ్రోగినవి. బారో మరల గెలిచెను. ఓడిన ప్రధాన పక్షము సర్వోన్నత న్యాయస్థానమున అర్జీ వేసెను. విధానలోపము చూపి న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఎన్నికల సంఘాధ్యక్షుడు ఈ పర్యాయము ఊరు విడువవలసిన పని కలుగలేదు.