బాలింతల ఆరోగ్యం – కటి కండరాల వ్యాయామం
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము మాట్లాడడానికి లేస్తే వెన్న శాతం, లెక్కల తనిఖీ, బోనసు పంపిణీ గురించి చెబుతామని మీరు అనుకుంటారు. ఈ రోజు పాలు పోసే ఆడవారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పేది మీకు అందజేయడమే మా పని.

గేదె ఈనిన తర్వాత గర్భసంచి బయటికి వస్తే అర్ధరాత్రి అయినా పశువైద్యునికి కబురు పెడతాము. ఇంటి కోడలు మాత్రం కాన్పయ్యాక దగ్గినా, తుమ్మినా, గడ్డిమోపు ఎత్తినా మూత్రం పడుతుంటే ఎవరికీ చెప్పుకోదు. సిగ్గుతో పేరంటాలకు, చివరకు సంఘానికి రావడం కూడా మానుకుంటుంది. "పిల్లల తల్లికి ఇది మామూలే" అని పెద్దలు సరిపెడతారు. ఇది చాలామందికి వచ్చేదే. అయినా చికిత్స ఉన్నది, అదీ ఖర్చు లేనిది.

పొత్తికడుపు అడుగున ఉయ్యాల గుడ్డ వలె కొన్ని కండరాలు ఉన్నాయి. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దప్రేగు చివరను అవే మోస్తాయి. తొమ్మిది నెలల బరువుకు, కాన్పుకు అవి సాగి వదులవుతాయి. ఆపరేషను కాన్పు అయినవారికీ గర్భం మోసిన ఒత్తిడి తప్పదు. ఆ స్థితిలో నిండు క్యాను ఎత్తితే ఏమవుతుందో ఆలోచించండి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు.

ఈ కండరాలకు వ్యాయామం ఉన్నదని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రకటించారు. పద్ధతి ఇది. మూత్రవిసర్జన చేసి వచ్చి కూర్చోవాలి, లేదా పడుకోవాలి. మూత్రాన్ని, అపానవాయువును ఒకేసారి ఆపుకొంటున్నట్లు లోపలికి, పైకి బిగించాలి. కొన్ని క్షణాలు ఉంచి పూర్తిగా వదలాలి. ఊపిరి బిగబట్టరాదు. తొడలు, పిరుదులు బిగించరాదు. పూటకు 8 సార్ల చొప్పున రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలి. గర్భిణిగా ఉన్నప్పుడే మొదలు పెట్టడం మేలు. దగ్గు వచ్చేముందు, బిందె ఎత్తేముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకోవాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం అలవాటు చేసుకోరాదు.

పథ్యమని బాలింతకు నీళ్ళు తగ్గించకండి. మలబద్ధకంతో ముక్కితే ఈ కండరాలే దెబ్బతింటాయి.

మూడు నెలలకూ గుణం కనపడకపోయినా, కింద బరువుగా ఉన్నా, ఏదో జారినట్లు తగిలినా, నొప్పి ఉన్నా ఆశా కార్యకర్తతో చెప్పి వైద్యురాలిని చూడాలి. కొందరికి ఈ కండరాలు వదులుగా కాక, మరీ బిగుసుకొని ఉంటాయి. వారికి ఈ వ్యాయామం పనికిరాదు. అందుకే ఫిజియోథెరపిస్టు పరీక్షించి నేర్పడం ఉత్తమం. ఫ్రాన్స్ దేశంలో కాన్పయిన తల్లులకు ఈ శిక్షణ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమాయే భరిస్తున్నది.

పాలకవర్గానికి మా సూచనలు రెండు. బాలింత సభ్యురాలి పాలను ఇంటివారు గాని, పొరుగువారు గాని కేంద్రానికి తెచ్చే ఏర్పాటు చేయండి. పాల బిల్లు చెల్లించే రోజున ఆరోగ్య కార్యకర్తను పిలిపించి, ఆడవారికి విడిగా ఈ వ్యాయామం నేర్పించండి. సోదరులారా, ఈ మాట ఇంటికి వెళ్ళి చెప్పండి. గడ్డిమోపు మీరు ఎత్తండి.

ఒకరి బరువు పదిమంది పంచుకోవడమే సహకారం. సెలవు.