మెదడుకు పాకిన రొమ్ము క్యాన్సర్: మందు, రేడియేషన్ కలిసే చోట

(వార్డు ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను వైద్యురాలిని కాను. నగరపాలక సంస్థలో అనువాదకురాలిని. క్యాన్సర్ కరపత్రాన్ని తెనిగించే వేళ నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ‘కరెంటు పెట్టడం’. రేడియేషన్‌కు మన ఇళ్లలో వాడుక అదే కనుక దానిని ఉంచాను. అయితే ఆ చికిత్సలో ఒంటిలోకి విద్యుత్తు ప్రవహించదు. కిరణాలు మాత్రమే ప్రసరిస్తాయి.

రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 హెర్2 రకానికి చెందినవి. ఈ రకం ఇతర అవయవాలకు పాకినప్పుడు, దాదాపు సగంమందిలో ఎప్పుడో ఒకప్పుడు మెదడుకూ చేరుతుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ హెర్2ను గురిచూసి పట్టే మందు. ఒంటిలో వ్యాధిని అది అదుపు చేసినా, మెదడు రక్తనాళాల గోడలు అంత పెద్ద అణువును సులభంగా లోపలికి రానీయవు. 2020లో వచ్చిన టుకాటినిబ్ చిన్న అణువు. మెదడులో వ్యాధి ఉన్నవారినీ చేర్చుకొని జరిపిన పరీక్షలో అది ఆయుష్షును పెంచింది.

కణుతులు కొద్దిగా ఉంటే కిరణాలను వాటిపైనే కేంద్రీకరిస్తారు. మెదడంతటికీ ఇస్తే జ్ఞాపకశక్తి తగ్గే ప్రమాదం హెచ్చు.

మరి రెండూ కలిపితే ఫలితం రెట్టింపవుతుందా? అలా అనుకోరాదు. లాపటినిబ్‌ను రేడియేషన్‌కు జతచేసి చూసిన ఒక పరీక్షలో, కణుతులు పూర్తిగా మాయమైనవారి సంఖ్య చెప్పుకోదగినంత పెరగలేదు. ట్రాస్టుజుమాబ్ ఎంటాన్సిన్ వాడుతున్నవారికి కేంద్రీకృత కిరణాలు ఇచ్చినప్పుడు, చుట్టుపక్కల కణజాలం దెబ్బతినే ముప్పు పెరిగినట్లు కొన్ని పరిశీలనలు తెలిపాయి. ఆ మచ్చ స్కానింగులో కణితి తిరగబెట్టినట్లే కనబడి వైద్యులను సైతం తికమక పెడుతుంది. అందుకే ఏ మందును ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో ఇద్దరు వైద్యులూ మాట్లాడుకొని నిర్ణయించవలసి ఉంటుంది.

మనవంటి వలస కుటుంబాలకు చిక్కు ఇక్కడే. ఇంజెక్షన్ అనంతపురంలో, రేడియేషన్ బెంగళూరులో. నడుమ కాగితాలు ఇంటి బీరువాలో. రేడియేషన్ వైద్యునికి మందు పేరు, చివరి మోతాదు తేదీ, హెర్2 నివేదిక తప్పక చూపండి. మాత్రలను మీ అంతట మీరు మానవద్దు. విడవని తలనొప్పి, వాంతులు, మూర్ఛ, చూపు మసకబారడం, ఒక పక్క బలహీనత కనబడితే తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు.

ఈ వివరాలు రాసుకొనే కాగితం పుస్తిక చివర ఉన్నది. పూరించడంలో సందేహముంటే, సభానంతరం నేను ఈ బల్ల దగ్గరే ఉంటాను.