వార్ధక్యము: నాటి తలంపు, నేటి తలంపు

ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచినది ముసలితనమును గూర్చి. దాని రోగములను, మందులను గూర్చి వైద్యులు చెప్పుదురు. మన కృష్ణాతీరమున మూడు నాలుగు తరములుగా జనులు ముసలితనమును ఎట్లు ఎంచుచు వచ్చిరి, ఆ యెంచుటలో ఏమి మారినది అనునదియే నా విషయము. వినుచున్నవారిలో పలువురు నా యీడువారు, నాకన్న పెద్దలును గలరు. తమకు తెలిసినదానినే చెప్పుచున్నానని తోచినచో మన్నింతురుగాక.

మా తాతగారు తమ వయస్సును అంకెలలో ఎన్నడును చెప్పి యెరుగరు. "బెజవాడ ఆనకట్ట పూర్తియైన యేట మా నాయన పుట్టినాడు, ఆయన నలుబదవ యేట నేను పుట్టినాను" అనెడివారు. ఇక లెక్క కట్టుకొనవలసినవాడు అడిగినవాడే. ఆనకట్ట పూర్తియైనది 1855లో. అట్లే కొందరు 1864 నాటి బందరు ఉప్పెనను బట్టియు, అంతకు ముందటివారు 1832-33లో గుంటూరుసీమను మాడ్చిన నందన కరవును బట్టియు తమ యీడు చెప్పుకొనిరి. మా తరమువారికి ఆ గుర్తు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. "ఉప్పెన నాటికి నా పెద్దవాడు చంకలో నున్నాడు" అని అవనిగడ్డ వైపున ముసలమ్మలు నేటికిని చెప్పుదురు. ఇవిగాక పుష్కరములున్నవి. బృహస్పతి కన్యారాశిని ప్రవేశించినపుడు, అనగా పండ్రెండేండ్ల కొకసారి, కృష్ణకు పుష్కరము వచ్చును. 1992, 2004, 2016లలో వచ్చినది, 2028లో రానున్నది. ఐదు పుష్కరములు చూచినవాడు పెద్ద. ఆరు చూచినవాడు ధన్యుడు. ఇట్టి లెక్కలో వయస్సనగా ఆ మనుష్యుడు చూచినదాని మొత్తము. చూచినవాడు గనుక నలుగురును అతనిని అడిగెడివారు.

ఏమి అడిగెడివారు? కాలువకట్ట తెగిన యేట నీరు ఏ పల్లమునకు పారినది, ఏ గట్టు ఎవరి తాతనాటిది, ఏ వరివంగడము చౌడునకు తాళినది అను సంగతులు మా యూర కాగితములపై కన్న ముసలివారి నోట ఎక్కువగా నుండెను. సరిహద్దు తగవు వచ్చినచో మొదట అరుగుమీది తాతను పిలిచిన పిమ్మటనే కరణము కవిలె విప్పెడివాడు. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. 2020 డిసెంబరునుండి భూముల రీసర్వేకు డ్రోనులు వచ్చినవి. ఆకాశమునుండి గట్టును చూచు యంత్రమునకు తాత సాక్ష్యముతో పనిలేదు. ఇందుకు నేను మిక్కిలి విచారింపను. తాతల జ్ఞాపకము సైతము తమవారి వైపునకు ఒరగుటను ఎరుగుదును. అయినను, 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి బెజవాడలో సింగునగరు మొదలగు పేటలను ముంచినపుడు నాకొక సందేహము కలిగినది. ఆ యేరు పూర్వము ఎంత వెడల్పున పారెడిదో చెప్పగల ముసలివారు ఆ చుట్టుపట్ల ఇంకను గలరు. అక్కడ ఇల్లు కొనునపుడు వారిని అడిగినవారు ఎందరు?

చూచినదానిని బట్టి వయస్సు చెప్పు రోజులు పోయి, అంకె ఎట్లు వచ్చెను? అది బడి రిజిష్టరునుండి వచ్చెను. పిల్లవానిని చేర్చుటకు తెచ్చిన తండ్రిని "వీడు ఎప్పుడు పుట్టినాడు?" అని యడిగిన, "నారుమళ్లు పోసినప్పుడండీ" అనెడివాడు. పంతులు పిల్లవాని కుడిచేతిని తలమీదుగా త్రిప్పి, ఎడమచెవి అందినచో ఐదేండ్లు నిండినవని నిశ్చయించి, జూలై 1వ తేదీ అని వ్రాసెడివాడు. నేను పనిచేసిన చోట పాత రిజిష్టరులను విప్పి చూచితిని. పుటకు పుట జూలై మొదటి తేదీన పుట్టినవారే! శ్రీకృష్ణుడు అష్టమినాడు పుట్టినట్లు మనకు తెలియును గాని, మా యూరి రైతులు ఏ తిథినాడు పుట్టిరో ఆ రిజిష్టరు చెప్పదు. ఆ తేదీయే పిదప ఉద్యోగమునకు, ఓటునకు, ఆధారుకార్డునకు, పింఛనుకు మూలమైనది. నేడు ఒకని పింఛను రెండేండ్లు ముందుగా వచ్చుటకో వెనుకగా వచ్చుటకో అరువదియేండ్ల క్రిందట ఒక పంతులు చూచిన చెవియే కారణము.

అంకె వచ్చిన పిమ్మట ఆ అంకె ఎంత యనుటపై తగవు వచ్చినది. ఈ తగవు క్రొత్తది కాదు. చరకసంహిత అరువది దాటినది జీర్ణవయస్సని చెప్పగా, సుశ్రుతసంహిత డెబ్బది దాటినగాని వార్ధక్యము కాదన్నది. మనుస్మృతి అంకెయే చెప్పదు. ఒంటిపై ముడుతలు, తల నెరయుట, మనుమని మొగము చూచినపుడు గృహస్థుడు వనమునకు పోవలెనన్నది. జుట్టునకు రంగు వేసికొనువారు ఆ లెక్కను కొంత తప్పించుకొనవచ్చును. సర్కారువారి లెక్కలో బ్రిటిషు కాలమున 55 ఏండ్లకు ఉద్యోగి పని చాలించెడివాడు. తరువాత 58 ఆయెను. 1983లో దానిని 55కు దింపి, గగ్గోలు పుట్టిన మీదట మరల 58 చేసిరి. 2014లో 60, 2022 జనవరినుండి 62. నేను విళంబి సంవత్సరమున పుట్టి, మరల విళంబి వచ్చిన 2018లో పదవీవిరమణ చేసితిని. నా వెనుక వచ్చినవారు అదే యీడున ఇంకను రెండేండ్లు పాఠము చెప్పదగినవారైరి. ఆ రెండేండ్లలో మనుష్యుని ఎముకలు మారలేదు, ఎంచుట మారినది.

అరువది యనగానే షష్టిపూర్తి జ్ఞప్తికి వచ్చును. ప్రభవాది సంవత్సరములు అరువదియు తిరిగి, పుట్టిన యేటి పేరు మరల వచ్చుటయే దాని యర్థము. శాస్త్రమున దీనికి ఉగ్రరథశాంతి యని పేరు. డెబ్బదవ యేటిది భీమరథశాంతి. పేర్లే చెప్పుచున్నవి, ఇవి గండము దాటుటకు చేయు శాంతులు. మా తాతగారి షష్టిపూర్తి హోమముతో, భయభక్తులతో జరిగినదని మా నాయనగారు చెప్పెడివారు. నేటి షష్టిపూర్తి కల్యాణమండపములో, రెండవ పెండ్లివలె, ఫోటోలతో జరుగుచున్నది. ఆ దినమున పీటలపై కూర్చున్న పెద్దమనిషి తాను ముసలివాడనని ఒప్పుకొనడు. మరునాడు బ్యారేజిమీద నడకకు పోవును.

ఈ మార్పునకు కారణము గలదు. స్వాతంత్ర్యము వచ్చిననాటికి మన దేశమున సగటు ఆయుర్దాయము 32 ఏండ్లకు అటునిటు; నేడు 70 ఏండ్లకు అటునిటు. నాటి సగటు అంత తక్కువగుటకు ముఖ్యకారణము పసిబిడ్డలు చనిపోవుట గాని, అందరును 32వ యేటనే పోయిరని కాదు. అయినను అరువది చూచినవారు కొద్దిమంది. 1951 జనాభా లెక్కలలో దేశమున అరువది నిండినవారు నూటికి ఐదుగురికి కొంచెము పైన; 2011 నాటికి ఎనిమిదిమందికి పైన. కొద్దిమందియే యున్న కాలమున ముసలివాడు అపురూపము. శుక్లములతో చూపు పోయినవానిని మనుమడు కర్రపట్టి నడిపించెడివాడు. నేడు ఒక్కపూట ఆపరేషనుతో చూపు వచ్చి, ఆయనయే మనుమని బడిబస్సు నెక్కించుచున్నాడు. మా తాతగారి తరమునకు మనుమని మొగము చూడకుండ పోవుదుమేమో యను భయముండెను. మా తరమునకు ఇంకను ఇరువదియేండ్లు బ్రతికినచో ఎవరు చూతురను భయము. "నూరేండ్లు వర్ధిల్లుము" అను దీవెన విని ఉలికిపడువారిని నేను చూచితిని.

స్త్రీల సంగతి వేరు. నా తరమువారు పూర్వకాలమును పొగడునపుడు దీనిని మరచుచుందురు. పూర్వము పురుషునకు ముసలితనము ఏండ్లవలన వచ్చెడిది. స్త్రీకి ఇంటిలోని స్థితివలన వచ్చెడిది. పండ్రెండవ యేట పెండ్లియైనది ముప్పదియైదేండ్లకు అమ్మమ్మయై, ఆనాటినుండి ముసలమ్మ యనిపించుకొనెడిది. బ్రాహ్మణ గృహములలో భర్త పోయినచో ఇరువదియేండ్ల పిల్లకైనను తల గొరిగించి, ముతకచీర కట్టించి, ఒంటిపూట భోజనమున నుంచి, ఒక్కదినమున వృద్ధను చేసెడివారు. అదే కాలమున అరువది దాటిన పురుషుడు పసిపిల్లను పెండ్లాడబోవుచు తాను వయస్సులో నున్నాననెడివాడు. 1897లో అచ్చయిన గురజాడవారి 'కన్యాశుల్కము'లోని లుబ్ధావధానులు అట్టివాడే. వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. 1929లో వచ్చిన శారదాచట్టము ఆడపిల్ల పెండ్లియీడును 14 చేసినది. 1978లో అది 18 ఆయెను. అమ్మమ్మయగు వయస్సు దానితో జరుగుచు వచ్చెను. రైలువారు మాత్రము చాలకాలము పాతలెక్కనే పట్టుకొనిరి: 2020 మార్చిలో తీసివేయువరకు పెద్దల టిక్కెట్టు రాయితీ పురుషునకు 60 నిండినగాని రాదు, స్త్రీకి 58 చాలును. నేడు అరువదియేండ్ల స్త్రీని బస్సులో "మామ్మగారూ" అని పిలిచి చూడుడు! "ఆంటీ" యనవలెను.

పొగడ్తలో మరచు సంగతి ఇంకొకటి గలదు. అరుగుమీద తాతకు జరిగిన మర్యాద ఐదెకరముల మాగాణి గల తాతకు జరిగినది. కూలికి పోవు తాతకు అరుగే లేదు. ఆయన నడుము పడిపోవువరకు ఊడ్పులకు, కోతలకు పోయి, పడిపోయిన పిమ్మట కొడుకు కూలిలో పాలు పంచుకొని, సిగ్గుతో తినెడివాడు. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము మొదలిడిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రమున 2024 జూలైనుండి అది 4,000 రూపాయలు. మా వీథిలో ఒక ముసలమ్మ మొదటి తేదీన ఆ డబ్బు చీరచెంగున ముడివేసికొని, మనుమరాలికి తానే గాజులు కొనిపెట్టినది. "ఇన్నేండ్లకు నా చేతితో ఒకరికి పెట్టినానయ్యా" అన్నది. ఆమె యెదుట పాతకాలపు మర్యాదను గూర్చి ఉపన్యసించుటకు నాకు నోరు రాలేదు.

ఇక మాగాణి గలవారి యిండ్లు చూతము. మన తీరమున ఒకరిద్దరు పిల్లలే గల సంసారములు నిండినవి. ఇద్దరికి మించి సంతానమున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో చట్టము చేసిన ప్రభుత్వమే, 2024 నవంబరులో దానిని తీసివేసినది. పిల్లలు ఎక్కువగుదురని భయపడిన రాజ్యము ముప్పది యేండ్లలో ముసలివారు ఎక్కువగుదురని భయపడుచున్నది. ఆ ఒకరిద్దరు పిల్లలును చదువుకొని హైదరాబాదునకో అమెరికాకో పోయిరి. తల్లిదండ్రులు ఆరునెలలు అక్కడికి పోయి, మనుమలను సాకి, చలికి తాళలేక వత్తురు. తక్కిన దినములు సెల్‌ఫోనులో మొగములు చూచుకొనుట. పెంకుటిల్లు పోయి డాబా వచ్చినది, డాబా పోయి బెజవాడలో నాలుగవ అంతస్తున ఫ్లాటు వచ్చినది. అందు అన్నియు గలవు, అరుగు మాత్రము లేదు. దారినపోవువాడు "తాతయ్యా, బాగున్నావా" అని యడుగుటకు చోటే లేదు.

పిల్లలను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. మనమే చదివించి పంపితిమి. అయితే భూమి విషయమున మన తలంపు మాత్రము ఇంకను తాతలనాటిదిగనే యున్నది. తాతలు బ్రతికియుండగా ఆస్తి వారి చేతులలో నుండెడిది. పంపకములు తరచుగా వారి అనంతరము జరిగెడివి. నేడు అరువదియైదేండ్లకే కొడుకులకు, కూతుండ్లకు దస్తావేజు వ్రాసి యిచ్చి, తరువాత ఇరువది యేండ్లు చేతులు చాచి బ్రతుకువారు గలరు. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. పోషణ జరుగనిచో 60 నిండినవారు ఆర్డీవోగారి అధ్యక్షతనుండు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ చట్టము 23వ విభాగము ప్రకారము, తమను చూచుకొనవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో రద్దు చేయించవచ్చును. షరతు దస్తావేజులో స్పష్టముగా వ్రాసియుండుట మిక్కిలి మేలు. వ్రాయనిచోట వ్యాజ్యము చిక్కుపడును.

వ్రాయుటకు మనవారు సిగ్గుపడుదురు. నిరుడు దివిసీమనుండి ఒక రైతు భార్యతోను కొడుకుతోను మా యింటికి వచ్చెను. లేఖరి వ్రాసిన చిత్తు దస్తావేజు నన్ను చదివి వినిపింపుమనెను. చదివి, షరతు లేదంటిని. రైతు తల వంచుకొని, "కన్నకొడుకు దగ్గర షరతేమిటి మాస్టారూ, ఊళ్లో నవ్వరా?" అనెను. కొడుకు గోడవైపు చూచుచుండెను. అంతవరకు మాటాడని ఆ యిల్లాలు, "వ్రాయించండి. వాడిమీద నమ్మకం లేక కాదు. మేమింకా ఎన్నాళ్లుంటామో తెలియక" అన్నది. ఆ మాటకు కొడుకు ఇటు తిరిగి, "అమ్మ చెప్పినట్లే కానివ్వండి మాస్టారూ. ఎకరం మీ పేరనే ఉంచుకోండి నాన్నా, మిగిలింది వ్రాయండి" అనెను. రైతు చాలసేపు ఏమియు అనలేదు. పిదప జేబులోని కళ్లజోడు తీసి పెట్టుకొని, ఆ కాగితమును నా చేతినుండి తీసికొని, తానే మొదటినుండి చదువనారంభించెను.