రాకెట్ రిషార్‌కు పడిన శిక్ష

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇన్నేళ్లు కెనడాలో ఉన్నారు కదా, అక్కడి విశేషాలు ఓ పావుగంట చెప్పండి" అన్నారు. అక్కడి చలి గురించి చెబితే మీకు నిద్ర వస్తుంది. నా ఉద్యోగం గురించి చెబితే నాకే వస్తుంది. అందుకని ఒక ఆట గురించి చెబుతాను. 1954-55లో జరిగిన ఐస్ హాకీ సీజన్ అది. అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా నేనున్న మాంట్రియల్ నగరంలో ఆ కథ వినకుండా నాలుగు శీతాకాలాలు గడపడం ఎవరి వల్లా కాదు. పైగా దానికీ మన బడిలో జరిగిన ఒక సంగతికీ నా మనసులో ముడిపడిపోయింది. అది చివర్లో చెబుతాను.

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్. అక్కడ హాకీ అంటే మంచుగడ్డ మీద ఆడేదే. గచ్చులా గట్టిగా గడ్డకట్టించిన మైదానం, రెండు వందల అడుగుల పొడవు. కాళ్లకు పదునైన ఇనుప బద్దెలున్న బూట్లు, చేతిలో కర్ర. బంతి బదులు పక్ అనే గుండ్రటి గట్టి రబ్బరు బిళ్ల. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆ రోజుల్లో తలకు హెల్మెట్ పెట్టుకునేవాళ్లు చాలా అరుదు. గోల్‌కీపర్లు కూడా ముఖానికి ఏ అడ్డూ లేకుండానే నిలబడేవారు. పళ్లు ఊడిన ఆటగాడిని ఎవరూ వింతగా చూసేవారు కాదు.

నేషనల్ హాకీ లీగ్‌లో అప్పుడు ఉన్నవి ఆరే జట్లు. కెనడాలో మాంట్రియల్, టొరంటో. అమెరికాలో డెట్రాయిట్, బోస్టన్, న్యూయార్క్, షికాగో. ఒక్కో జట్టుకు 70 మ్యాచ్‌లు. గెలిస్తే రెండు పాయింట్లు, సమమైతే ఒకటి. చివరికి పైనున్న నాలుగు జట్లు స్టాన్లీ కప్ కోసం ఆడేవి. ఆరు జట్లే కాబట్టి మళ్లీ మళ్లీ అవే ముఖాలు ఎదురుపడేవి. నవంబరులో తగిలిన దెబ్బకు జనవరిలో బదులు తీర్చుకోవచ్చు. పగలు పెరగడానికి అంతకన్నా ఏం కావాలి?

మాంట్రియల్ జట్టు పేరు కెనేడియన్స్. అందులో తొమ్మిదో నంబరు చొక్కా మారిస్ రిషార్‌ది. జనం పెట్టుకున్న పేరు రాకెట్. 1921లో ఆ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. తనూ మెషినిస్టు పని నేర్చుకున్నాడు. 1944-45లో 50 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ కొట్టాడు. అంతకు ముందు ఎవరూ ఒక సీజన్‌లో 50 దాకా రాలేదు. మాట తక్కువ, కోపం ఎక్కువ. ప్రత్యర్థులు ఆ కోపాన్ని కనిపెట్టి కావాలనే రెచ్చగొట్టేవారు. ఒకళ్లు చొక్కా పట్టుకు లాగితే, ఇంకొకళ్లు కర్రతో పొడిచేవారు.

ఇక్కడ ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మాంట్రియల్‌లో ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచ్. కానీ ఫ్యాక్టరీలు, బ్యాంకులు, పెద్ద పెద్ద దుకాణాల పెత్తనం చాలావరకు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల చేతుల్లో ఉండేది. యంత్రం దగ్గర నిలబడేవాడు ఫ్రెంచ్, గాజు గదిలో కూర్చునేవాడు ఇంగ్లీష్. తన సొంత ఊళ్లో తన భాషలో పై అధికారితో మాట్లాడలేని మనిషి శనివారం రాత్రి రేడియో దగ్గర కూర్చుని, రిషార్ గోల్ కొడితే తనే కొట్టినట్టు మురిసిపోయేవాడు.

లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్. ఆయన్ని దుర్మార్గుడని చెప్పడానికి నాకు మనసు రాదు. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న లాయరు. ఒకప్పుడు అదే లీగ్‌లో రిఫరీ. యుద్ధం తర్వాత జర్మనీలో యుద్ధ నేరాల విచారణలో పనిచేశాడు. నిబంధన అంటే నిబంధనే అనే మనిషి. రిషార్ ఒక ఫ్రెంచ్ వారపత్రికలో ఆయన్ని నియంత అని రాస్తే, క్షమాపణ చెప్పించి, రాయడం మాన్పించి, వెయ్యి డాలర్లు పూచీ కట్టించుకున్నాడు. అది జరిగింది ఈ సీజన్‌కు ముందు సీజన్‌లోనే.

1954 డిసెంబరు 29న టొరంటోలో జరిగిన గొడవలో రిషార్ ఒక లైన్స్‌మన్ ముఖం మీద గ్లవ్‌తో కొట్టాడు. 250 డాలర్ల జరిమానా వేసి వదిలేశారు. అది గుర్తుపెట్టుకోండి.

మార్చి 13, బోస్టన్. సీజన్ ఇంకో వారంలో అయిపోతుంది. మాంట్రియల్, డెట్రాయిట్ మొదటి స్థానం కోసం నువ్వా నేనా అంటున్నాయి. అత్యధిక పాయింట్ల ఆటగాళ్ల జాబితాలో రిషార్ అందరికంటే ముందున్నాడు. అంత గొప్ప ఆటగాడైనా ఆ బహుమతి ఒక్కసారీ రాలేదు. ఆ ఏడు వచ్చేలాగే ఉంది. బోస్టన్ ఆటగాడు హాల్ లేకో, కళ్లజోడు పెట్టుకుని ఆడే మనిషి, ఒకప్పుడు మాంట్రియల్‌లో రిషార్‌తో కలిసి ఆడినవాడే, కర్ర ఎత్తి రిషార్ తల మీద కొట్టాడు. ఐదు కుట్లు పడ్డాయి. రక్తం చూసుకున్న రిషార్ తిరగబడ్డాడు. లేకోను కర్రతో కొట్టాడు. ఆ కర్ర లాక్కుంటే ఇంకొకటి అందుకున్నాడు. పట్టుకుని ఆపబోయిన లైన్స్‌మన్ క్లిఫ్ థాంప్సన్ ముఖం మీద రెండుసార్లు గుద్దాడు.

లేకో సంగతి పక్కన పెట్టండి. మ్యాచ్ నడిపే అధికారిని కొట్టడం ఏ ఆటలోనూ చిన్న తప్పు కాదు. మూడు రోజుల తర్వాత మాంట్రియల్‌లోని లీగ్ ఆఫీసులో విచారణ జరిగింది. దెబ్బతో కళ్లు తిరిగి, పట్టుకున్నది బోస్టన్ ఆటగాడనుకున్నానని రిషార్ చెప్పుకున్నాడు. క్యాంప్‌బెల్ ఒప్పుకోలేదు. డిసెంబరు సంగతి బయటికి తీశాడు. సీజన్‌లో మిగిలిన మూడు మ్యాచ్‌లూ, ఆ తర్వాత కప్ పోటీలు మొత్తమూ ఆడకూడదని తీర్పు చెప్పాడు.

మూడు మ్యాచ్‌లతో సరిపెట్టి ఉంటే ఊరు గొణిగి ఊరుకునేదేమో. కప్ పోటీలు కూడా తీసేసరికి తట్టుకోలేకపోయింది. ఎన్ని మ్యాచ్‌లన్నదే కాదు, తీర్పు చెప్పిందెవరన్నది కూడా వాళ్లకు గుచ్చుకుంది. ఫ్యాక్టరీలో రోజూ జరిగేదే ఇక్కడా జరిగిందనుకున్నారు. లీగ్ ఆఫీసుకు బెదిరింపు ఫోన్లు వెల్లువెత్తాయి.

మర్నాడు, మార్చి 17 రాత్రి, మాంట్రియల్ ఫోరమ్‌లో డెట్రాయిట్‌తో మ్యాచ్. రావద్దని ఎందరు చెప్పినా క్యాంప్‌బెల్ వచ్చాడు. నా సీటు నాది, నేనెందుకు రాకూడదన్నాడు. మొదటి భాగం సగంలో ఉండగా, ఆఫీసులో పనిచేసే కార్యదర్శిని వెంటబెట్టుకుని అందరూ చూస్తుండగా వచ్చి కూర్చున్నాడు. (అదే ఏడాది ఆమెను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికి ముందే ఆవిడ ఎంత ఓర్చుకుందో చూడండి.) గుడ్లు, టమోటాలు ఆయన మీద పడటం మొదలైంది. ఆయన కదల్లేదు. మొదటి భాగం ముగిసేసరికి డెట్రాయిట్ 4-1తో ముందుంది. ఒకతను చేయి కలపడానికన్నట్టు దగ్గరికొచ్చి చెంప మీద కొట్టాడు. కాసేపటికి ఎక్కడినుంచో బాష్పవాయువు గుండు పడి పేలింది. జనం దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ తలుపుల వైపు పరుగెత్తారు. అగ్నిమాపక అధికారి హాలు ఖాళీ చేయించాడు. మ్యాచ్ డెట్రాయిట్‌దని ప్రకటించేశారు.

బయట సెయింట్ క్యాథరిన్ వీధిలో అప్పటికే వేలమంది ఉన్నారు. లోపలివాళ్లు వాళ్లతో కలిశారు. దుకాణాల అద్దాలు పగిలాయి, సరుకు లూటీ అయింది, కార్లు తిరగబడ్డాయి. తెల్లవారుజాము దాకా సాగింది. 37 మందికి దెబ్బలు, లక్ష డాలర్ల నష్టమని లెక్క తేలింది. పాపం, ఆ దుకాణదారుల్లో ఏ ఒక్కరూ రిషార్‌కు శిక్ష వేసినవాళ్లు కాదు. క్యాంప్‌బెల్ రావడమే రెచ్చగొట్టడమని మేయరు జాన్ ద్రాపో తప్పుపట్టాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. శిక్ష వేయడం ఆయన పని. వేశాక మర్నాడే వెళ్లి అందరి ఎదుటా కూర్చోవడం పని కాదు. అలాగని అద్దాలు పగలగొట్టింది ఆయన కాదు కదా.

ఆ రాత్రి రిషార్ కూడా ఫోరమ్‌లోనే ఉన్నాడు, మామూలు బట్టల్లో, మంచు పక్కన కూర్చుని. తన పేరు చెప్పి చేస్తున్నదంతా చూశాడు.

మర్నాడు రేడియో ముందు కూర్చున్నాడు. మాటకారి కాదని చెప్పాను కదా. ముందు ఫ్రెంచ్‌లో, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. ఇక గొడవ చేయొద్దని, జట్టుకు అండగా ఉండమని, తనకు పడిన శిక్ష తాను అనుభవిస్తానని, వచ్చే ఏడాది తిరిగొచ్చి జట్టుకూ కుర్రాళ్లకూ కప్ గెలవడంలో సాయపడతానని. శిక్ష న్యాయమేనని అనలేదు. అన్యాయమనీ అనలేదు. ఊరు సద్దుమణిగింది.

మిగిలిన వారం ఎలా గడిచిందో కూడా వినండి. రిషార్ 74 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. అదే జట్టులోని బెర్నీ జెఫ్రియాన్, అతనూ ఫ్రెంచ్ కుర్రాడే, 75 కొట్టి ముందుకెళ్లాడు. సొంత ఊరి జనమే అతన్ని గేలిచేశారు. గోల్ కొట్టినందుకు! అతనేం చేయాలి? ఖాళీ గోల్ కనిపిస్తే పక్క వైపు కొట్టాలా? ఆ బహుమతి రిషార్‌కు ఆ ఏడు రాలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ రాలేదు.

డెట్రాయిట్ 95 పాయింట్లతో మొదటి స్థానం, మాంట్రియల్ 93తో రెండోది. కప్ ఫైనల్‌లో ఇవే రెండు జట్లు ఏడు మ్యాచ్‌లు ఆడితే, ఏడింటిలోనూ సొంత ఊళ్లో ఆడిన జట్టే గెలిచింది. మొదటి స్థానం డెట్రాయిట్‌ది కాబట్టి ఏడోది అక్కడే జరిగింది, కప్ వాళ్లకే దక్కింది. అభిమానులు ఆగం చేసి వదులుకున్న ఆ రాత్రి రెండు పాయింట్లు ఉండి ఉంటే ఏడో మ్యాచ్ మాంట్రియల్‌లో జరిగేదని లెక్కలు వేసేవాళ్లు నేటికీ ఉన్నారు. 4-1తో ఓడిపోతున్న మ్యాచ్ అది, గెలిచేవాళ్లన్న నమ్మకం నాకైతే లేదు.

మరుసటి ఏడాది రిషార్ చెప్పినట్టే తిరిగొచ్చాడు. 1956 నుంచి 1960 వరకు వరుసగా ఐదుసార్లు మాంట్రియల్ కప్ గెలిచింది. అన్నీ కలిపి లీగ్ మ్యాచ్‌ల్లో 544 గోల్స్ కొట్టి ఆట మానేశాడు. 1996 మార్చిలో ఫోరమ్ మూసేసిన రాత్రి ముసలి రిషార్‌ను మంచు మీదికి పిలిచారు. నేను ఇంట్లో టీవీలో చూశాను. చప్పట్లు నిమిషాల తరబడి ఆగలేదు. ఆయన చాలు చాలన్నట్టు చెయ్యెత్తాడు, వాళ్లు ఆపలేదు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మర్నాడు మా కింది వాటాలో ఉండే పెద్దాయన మెట్ల దగ్గర కనబడ్డాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన ఫ్రెంచ్ ఆయన. రాత్రి చూశారా అంటే చూశానన్నాడు. కాసేపాగి, 1955లో తనకు పంతొమ్మిదేళ్లని, ఆ రాత్రి ఒక చెప్పుల దుకాణం అద్దం పగలగొట్టానని చెప్పాడు. "ఆయన కోసమే చేశాననుకున్నాను. మర్నాడు రేడియోలో ఆయన గొంతు విన్నాక మా నాన్న మొహం చూడలేకపోయాను. నా తప్పు కూడా ఆయనే మోసినట్టయింది" అన్నాడు. ఆ దుకాణం వైపు చాలా ఏళ్లు వెళ్లలేదట.

ఇక మన బడి సంగతి. 1970లో, నేను తొమ్మిదో తరగతి. మన గ్రౌండులోనే తాలూకా వాలీబాల్ పోటీలు. సెమీఫైనల్లో మన కెప్టెన్ అంపైరును తోసేశాడు. అతనిది తప్పే. డ్రిల్లు మాస్టారు అప్పటికప్పుడు జట్టులోంచి తీసేశారు. మనం ఫైనల్ ఓడిపోయాం. ఆ రాత్రి కొందరు కుర్రాళ్లు ఆటసామాను గది మీద రాళ్లు వేశారు. బెంగుళూరు పెంకులు పగిలాయి. హెడ్మాస్టరు గారు కెప్టెన్‌ను పిలిచి ఎవరు చేశారని అడిగారు. అతనికి తెలుసు. చెప్పలేదు. వాళ్ల నాన్నగారు బస్తా ధాన్యం అమ్మి ఆ డబ్బు కట్టారు. ఆ సంగతి నాకు తెలిసింది ఇరవై ఏళ్ల తర్వాత.

ఆ కెప్టెన్ ఇప్పుడు నా ఎదురుగా మూడో వరసలో కూర్చున్నారు. అన్నా, ఎన్ని పెంకులు పగిలాయో మీకు గుర్తుందో లేదో. అందులో రెండు నావి. నాన్నగారు ఉండగా వచ్చి చెప్పాల్సింది, రాలేదు.

భోజనాలకు ఆలస్యమవుతోందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు.