పోయిన మాటకు తోడు

ఉస్మానియా విశ్వవిద్యాలయమనగానే తార్నాకవాసులకు ఆర్ట్సు కళాశాల కట్టడము, చెట్లనీడన సాగే వాదోపవాదాలు స్ఫురిస్తాయి. మాట పోయినవారి సంగతితో ఆ ఆవరణకు సంబంధమేమని మీకు తోచవచ్చు. ఒక పేరున్నది. అక్కడ వైస్ ఛాన్సలరుగా పనిచేసిన నవాబు అలీ యావర్ జంగ్ గారి పేరనే 1983లో బొంబాయిలో వినికిడి లోపించినవారి కొరకు జాతీయ సంస్థ వెలసినది. నేడు దాని పేరులో వాక్కు కూడా చేరినది. దాని ప్రాంతీయ కేంద్రము మనకు దగ్గరనే, సికింద్రాబాదు మనోవికాస్ నగరులో ఉన్నది.

ఇట్టి విద్య నేర్చి, ఆసుపత్రుల పునరావాస విభాగాలలో పనిచేసే సహాయకులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము. పక్షవాతముతో మాట పడిపోయిన రోగికి లోపమెక్కడ ఉన్నదో నిర్ణయించేది వాక్చికిత్సకులు. ఆ నిర్ణయము మేరకు దినదినమూ మంచము పక్కన కూర్చుండి అభ్యాసము చేయించేది, ఫలితము వ్రాసిపెట్టేది సహాయకులు. పైకి చిన్న ఉద్యోగమే. ఓర్పుకు మాత్రము పెద్ద పరీక్ష.

మాట పోయినవారికి మతి కూడా పోయినదనుకొనుట మన ఇళ్ళలో సామాన్యము. 1861లో పారిస్ నగరాన పాల్ బ్రోకా అనే వైద్యుడు చూచిన రోగి ‘టాన్’ అన్న ధ్వని తప్ప దాదాపు ఏమీ పలుకలేడు. ఇతరులు చెప్పినది మాత్రము చాలవరకు గ్రహించేవాడు. మరణానంతరము పరీక్షించగా మెదడు ఎడమవైపు ముందుభాగము చెడి ఉన్నది. అందరికీ ఇట్లే ఉండదు. కొందరికి మాట ధారాళముగా వచ్చి అర్థము తప్పుతుంది. అయినను, రోగి ఎదుటనే ఆస్తి పంపకాల మాటలు మాట్లాడే చుట్టాలకు ఈ సంగతి ఇంకా అందినట్లు లేదు. ఆయన వింటూనే ఉంటారు.

ఒక బస్సు కండక్టరును ఊహించుకొనండి. దువ్వెన చూపి ఇదేమనగా చెప్పలేరు. ‘దు...’ అని సహాయకురాలు అందిస్తే ‘దువ్వెన’ అంటారు. ‘ఒకటి, రెండు’ అని మొదలుపెట్టితే పదివరకు లెక్క దానంతటదే వస్తుంది. ఏడు అంకె చూపి అడిగితే రాదు. కంఠస్థమైనది వేరు, వెదకి తెచ్చుకొనవలసినది వేరు. తెలుగులో విభక్తులు కూడా జారిపోతాయి. ‘నేను ఇల్లు వెళ్ళు’ అంటారు. తప్పని గద్దించక, ‘అవునండీ, ఇంటికి వెళ్దాము’ అని సరియైన రూపము వినిపించుట మేలు. ఆ ‘అండీ’ ముఖ్యము. అరువదేండ్ల పెద్దమనిషిచేత పసివానివలె ‘అమ్మ అను, అత్త అను’ అని పలికించుట మాకు ఎంతమాత్రము నచ్చదు.

మన నగరములో ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, కచేరీలో ఇంగ్లీషు. ఏ భాషలో అభ్యాసమన్నది రోగి జీవితమును బట్టి తేల్చవలసినదే. నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితము చిత్రమైనది. ఒకటికి మించి భాషలు తెలిసినవారిలో నూటికి సుమారు 40 మందికి ఆలోచనాశక్తి చెడలేదు. ఒకే భాషవారిలో 20 మందికే. మాట పడిపోవుట మాత్రము ఇరువర్గాలలోనూ ఒక్కతీరే.

ఆసుపత్రిలో అభ్యాసము కొద్దిసేపే. మిగిలిన దినమంతా ఇంటివారి చేతిలోనిది. మ్రింగుట కష్టమైనవారికి వాక్చికిత్సకులు చెప్పనిదే నీళ్ళు త్రాగించరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చును. రేడియోవారమై ఈ మాట చెప్పుట విడ్డూరమే గాని, ఆయనతో మాట్లాడునప్పుడు రేడియో కట్టివేయండి. ‘కాఫీయా, పాలా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు మీరే అందించక, మనసులో పదివరకు లెక్కపెట్టండి.