ఖర్చు లెక్క, అచ్చు హక్కు

సర్కారు పద్దులూ చరిత్రకు ఆధారాలేనని మా మాస్టారు చెప్పేదాకా మా తరానికి తోచలేదు.

అచ్చు హక్కు కథలో హికీ పత్రిక, 1878 దేశభాషా పత్రికల చట్టం, ఖర్చు లెక్క కథలో గోఖలే బడ్జెట్ ప్రసంగాలు మీకు తెలిసినవే. సర్కారు ఖర్చును పరిశీలించే ప్రజాపద్దుల సంఘం, భావప్రకటన హక్కునిచ్చే రాజ్యాంగం 19వ అధికరణం గురించి ఈ సభకు నేను చెప్పేదేముంది? నేరుగా 1956కి వస్తాను. నా పనంతా అక్కడే.

ఆ ఏడాది లోక్‌సభ సభ్యుడు, ప్రధాని నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ తెచ్చిన ప్రైవేటు మెంబరు బిల్లు చట్టమైంది. సభలో సభ్యుడు ఏమన్నా అతని మీద దావా పడదు. అదే మాట అచ్చువేసిన సంపాదకుడికి మాత్రం అప్పటిదాకా అలాంటి భరోసా ఏ చట్టంలోనూ రాసి లేదు. పార్లమెంటు చర్చను ఉన్నదున్నట్టు, దురుద్దేశం లేకుండా, ప్రజాహితం కోసం ప్రచురిస్తే కేసు నిలవదని కొత్త చట్టం చెప్పింది.

మరుసటి ఏడాదే దానికి పని పడింది. 1957 జూన్‌లో, పుట్టి ఏడాదైనా నిండని ప్రభుత్వ జీవిత బీమా సంస్థ, వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల షేర్లు కొంది. సుమారు కోటీ పాతిక లక్షలు. తన పెట్టుబడుల సంఘాన్ని మాట వరసకైనా అడగలేదు. డిసెంబరు 16న ఫిరోజ్ లోక్‌సభలో ఆ లావాదేవీని చీల్చి చెండాడారు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా విచారణకు కూర్చుంటే, హాలు పట్టని జనం కోసం బయట లౌడుస్పీకర్లు పెట్టాల్సి వచ్చింది. నెల తిరక్కుండా విచారణ ముగిసింది. కింది అధికారి చేసిన పనికి మంత్రిదే బాధ్యతన్నారు చాగ్లా. నెహ్రూ వెనకేసుకొచ్చినా, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి దిగిపోక తప్పలేదు.

ఇక్కడ నాకొక పాత పేచీ ఉంది, మన్నించాలి. ఈ కథను మామా అల్లుళ్ల తగవుగా చెప్పే పండితులున్నారు. ఇంటిపోరే కారణమైతే లౌడుస్పీకర్ల కింద అంతమంది ఎందుకు నిలబడతారండీ? ఇంకో వర్గం వారిది మరీ తెలివైన వాదన: ఇంగ్లండులో 1868 నాటి వేసన్ కేసు తీర్పు ఈ రక్షణ ముందే ఇచ్చింది కాబట్టి ఫిరోజ్ చట్టం అలంకారమేనట! లండన్ తీర్పు లండన్ పత్రికకు అక్కరకొస్తుంది. పరువునష్టం నోటీసు అందుకున్న జిల్లా పత్రికవాడు లా రిపోర్టులు ఎక్కడ వెతుక్కుంటాడు? అతనికి చట్టం నంబరు కావాలి. నిజంగా అలంకారమే అయితే, 1975 డిసెంబరులో ఎమర్జెన్సీ ప్రభుత్వం పనిగట్టుకుని ఆర్డినెన్సు తెచ్చి మరీ దాన్ని ఎందుకు రద్దు చేసింది? ఈ ప్రశ్నకు ఆ పండితులు నాకింకా జవాబు బాకీ. రద్దు చేసిన ప్రధాని ఫిరోజ్ భార్యేనని మీకు చెప్పనక్కర్లేదు. ఫిరోజ్ అప్పటికి పదిహేనేళ్ల కిందటే పోయారు.

1977లో చట్టం తిరిగొచ్చింది. రాజ్యాంగ 44వ సవరణతో ఆ రక్షణ రాష్ట్ర శాసనసభలకూ అందింది. ఇక పత్రిక నుంచి, లెక్కలడిగే పౌరుడి హక్కుకు తొందరగా వస్తాను. రాజస్థాన్‌లో 1994 నాటి జన సున్‌వాయీలు (బహిరంగ విచారణలు), సమాచార హక్కు కోసం బ్యావర్ ధర్నా, 2005 సమాచార హక్కు చట్టం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మన రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. వీటిలో ప్రతిదానికీ ఒక ఉపన్యాసం కావాలి.

ఒక్కటి మాత్రం చెప్పి దిగుతాను. సామాజిక తనిఖీకి ప్రాణం మస్టరు రోలు, అంటే కూలీల హాజరు పట్టీలోని పేర్లు పైకి చదవడం. ఎవరు పని చేశారు, ఎవరి పేరున డబ్బు పడిందన్నది ఊరు వింటేనే దొంగపేరు దొరుకుతుంది. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చి, వ్యక్తిగత సమాచారమంటే చాలు ఇవ్వక్కర్లేదనే వీలు కల్పించింది. ప్రజాహితం కోసం ఇవ్వడానికి అదే చట్టంలో 8(2) సెక్షన్ ఉంది కదా అని ప్రభుత్వం అంటోంది. ఆ ప్రజాహితాన్ని ముందుగా తూచేది మాత్రం కాగితం దగ్గరున్న అధికారే.