పెరటి కోళ్ళ పెంపకం - పెన్షనర్లకు తగునా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రిందటి కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చిన సంగతి మీకు తెలుసు. సంఘం తరఫున ఒకేసారి కోడిపిల్లలను తెప్పించి, కావలసిన సభ్యులకు కొన్న ధరకే పంచుదామన్నది ఆ ప్రతిపాదన. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నన్ను నా అభిప్రాయం చెప్పమన్నారు. సర్వీసులో ఉన్నంతకాలం "కోళ్ళు పెంచండి, కోళ్ళు పెంచండి" అని ఊరూరా తిరిగి చెప్పడమే నా ఉద్యోగం. నెలాఖరుకి టార్గెట్లు ఉండేవి. ఇప్పుడు ఆ టార్గెట్లు లేవు కనుక, ఎవరు పెంచకూడదో కూడా నిర్భయంగా చెప్పగలను.

ముందు ఆ మాటే చెబుతాను. కోళ్ళకు పెద్ద చాకిరీ ఏమీ లేదు. ప్రొద్దున ఆరు గంటలకు గూటి తలుపు తీయాలి, సాయంత్రం చీకటి పడకముందే లెక్కపెట్టి తలుపు వేయాలి. ఈ రెండు పనులూ ఏడాదికి మూడువందల అరవై అయిదు రోజులూ జరగాలి. ఒక్క రాత్రి తలుపు వేయడం మరిచిపోతే పిల్లో, ముంగిసో, కుక్కో వచ్చి పని పూర్తి చేసిపోతుంది. మరి మనలో చాలామంది పరిస్థితి ఏమిటి? అబ్బాయి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటాడు. అమ్మాయి అమెరికాలో ఉంటుంది. పురిటికని వెళితే ఆరు నెలలు తిరిగి రాము. కంటి ఆపరేషన్లూ, మోకాళ్ళ నొప్పులూ సరేసరి. మీరు ఊళ్ళో లేనినాడు ఆ తలుపు వేసే మనిషి ఎవరు? ఈ ప్రశ్నకు ఒక పేరు జవాబుగా చెప్పగలిగితేనే తక్కిన నా ఉపన్యాసం మీకు పనికివస్తుంది. "ఎవరో ఒకరు చూస్తారులెండి" అన్నది జవాబు కాదు. ఉబ్బసం ఉన్నవారు, కోళ్ళ దుమ్ముతో ఆయాసం వచ్చేవారు కూడా ఈ ఆలోచన మానుకోవడమే మంచిది. అపార్టుమెంట్లలో ఉన్నవారి సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక లాభనష్టాల మాట. కొందరు మిత్రులు దీన్ని పెన్షనుకు తోడు ఆదాయం అనుకుంటున్నారు. లెక్క వేసి చూద్దాం. ఎదిగిన పెట్టకు పూర్తిగా కొన్న దాణాయే పెడితే రోజుకు సుమారు నూట పది గ్రాములు తింటుంది. అంటే ఏడాదికి నలభై కిలోలు. గ్రామప్రియ వంటి మంచి గుడ్ల రకం పెరట్లో ఏడాదికి 160 నుండి 180 గుడ్ల దాకా పెడుతుంది. కాబట్టి ఒక్కొక్క గుడ్డుకు పావుకిలో దాణా ఖర్చయిందన్నమాట. మీ ఊళ్ళో కిలో దాణా ఎంతో కనుక్కుని నాలుగుతో భాగించండి. వచ్చిన అంకెను కొట్లో గుడ్డు ధర ప్రక్కన వ్రాసుకోండి. పిల్ల ధర, గూడు ఖర్చు, మందులు, చనిపోయినవి ఇంకా ఇందులో కలపనే లేదు. లక్షల కోళ్ళు పెంచే ఫారంవాడితో పెరట్లో నాలుగు పెట్టలవాడు ధరలో పోటీపడలేడు.

అయితే పెరటికి వేరే లెక్క ఉంది. కోడి పురుగులను ఏరుకుతింటుంది, గడ్డి పొడుచుకుంటుంది, కూర తరుగులూ, మిగిలిన అన్నమూ, నూకలూ తింటుంది. కొన్న దాణా సగానికి తగ్గుతుంది. తాజా గుడ్డు దొరుకుతుంది, మొక్కలకు ఎరువు దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్ళడానికి ఒక పని ఉంటుంది. మన సంఘంలోనే ఒక సోదరి ఉన్నారు. భర్త పోయాక ఇల్లు కదలడం మానేసిన మనిషి, అయిదు పెట్టలు వచ్చాక ఇరుగుపొరుగుతో మాటలు కలిపారు. గుడ్లు ఇవ్వడానికి వెళ్ళాలి కదా మరి! దీనికి ధర కట్టే పద్ధతి నాకు తెలియదు. ఆదాయం కోసమైతే వద్దు, ఇంటి వాడకానికీ కాలక్షేపానికీ అయితే సరే అన్నది నా అభిప్రాయం.

ఎన్ని పెంచాలి? మనిషికి ఏడాదికి 180 గుడ్లు తినడం మంచిదని పోషకాహార నిపుణులు చెబుతారు. భార్యాభర్తలిద్దరికీ కలిపి 360. పైన చెప్పిన రకం అయితే మూడు పెట్టలు ఇంచుమించు సరిపోతాయి. మనుమలు వస్తుంటారనుకుంటే నాలుగు. పది పెంచితే వాసన, ఈగలు, పొరుగువారితో పేచీ. గుడ్లు పెట్టడానికి పుంజు ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల కాదు, అంతే. పుంజు కూతకు మనం ఎలాగూ నాలుగింటికే లేచి కూర్చుంటాం గానీ, ప్రక్కింటి ఉద్యోగస్థులు లేవరు. సంక్రాంతికి పందెం పుంజును పెంచాలని ఎవరికైనా సరదా ఉంటే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోడిపందేలు నేరమని మాత్రం మనవి చేస్తున్నాను.

రకాల విషయానికి వస్తే, మన నాటుకోడి ఏడాదికి యాభై, అరవై గుడ్లకు మించి పెట్టదు. కానీ తన తిండి తాను చూసుకుంటుంది, గద్దను చూడగానే దాక్కుంటుంది, పొదుగుతుంది, పిల్లలను పెంచుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ 1988లో మొదలైంది. వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించినది అదే. వనరాజా బరువుకు మంచిది, గుడ్లు నూరు, నూట పది దాకా వస్తాయి. ఒళ్ళు బరువు కనుక కుక్క తరిమితే నాటుకోడిలా ఎగిరి గోడ ఎక్కలేదు. గుడ్లే ముఖ్యమనుకునే మనబోటివారికి గ్రామప్రియ మేలు. రాజేంద్రనగర్‌లోనే వెటర్నరీ కాలేజీవారు తయారుచేసిన రాజశ్రీ కూడా పెరటికి తగినదే. కడక్‌నాథ్ మాంసం నల్లగా ఉంటుంది. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక మోజు పెరిగింది గానీ, గుడ్ల కోసం దాన్ని కొనడం దండుగ.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ మేలు రకాలు సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను నాటుపెట్ట క్రింద పెట్టి ఇరవై ఒక్క రోజులకు పిల్లలు చేయించినా, ఆ పిల్లలు తల్లి అంతటివి కావు. మళ్ళీ కావాలంటే మళ్ళీ కొనవలసిందే.

ఇప్పుడు అసలు కొనుగోలు. మొట్టమొదట, వీధిలో మోపెడ్ మీద గంపల్లో పెట్టుకుని అమ్మే రంగు కోడిపిల్లల జోలికి పోవద్దు. ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు చూసి మనుమలు మారాం చేస్తారు. గుడ్ల కోళ్ళ హేచరీలలో పిల్ల పుట్టిన రోజే ఆడామగా వేరుచేస్తారు. మగపిల్లలు వారికి పనికిరావు. అలాంటి వాటికే రంగులద్ది బజారులోకి వదులుతారు. టీకా ఉండదు, వేడి ఉండదు. చాలావరకు వారం తిరక్కుండా చనిపోతాయి. బ్రతికినది పుంజవుతుంది. మనుమడికి కోడిపిల్ల చావును చూపించడానికి డబ్బిచ్చి కొనాలా?

హేచరీలో కొంటే ఒకరోజు పిల్లలు ఇస్తారు. గ్రామప్రియ, వనరాజా వంటివి సాధారణంగా ఆడామగా వేరుచేయకుండా కలిపే వస్తాయి. ఎనిమిది కొంటే ఇంచుమించు సగం పుంజులు. వాటిని ఏం చేస్తారో కొనకముందే ఇంట్లో మాట్లాడుకోండి. పేర్లు పెట్టి పెంచిన పుంజును కొయ్యడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోవడం నేను ఎన్నో ఇళ్ళల్లో చూశాను.

ఒకరోజు పిల్లలు చౌక. కానీ మొదటి నెల వాటిని కాచుకోవడం తేలిక కాదు. తల్లి రెక్కల వేడి మనం ఇవ్వాలి. మొదటివారం ముప్పై అయిదు డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి, తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. మూలల్లో ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి కనుక రేకుతోనో అట్టతోనో గుండ్రంగా దడి కట్టాలి. క్రింద రెండంగుళాల ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు దానిపై కాగితం పరచాలి. బల్బు విషయంలో ఈమధ్య కొందరు మోసపోతున్నారు. ఎల్.ఇ.డి. బల్బు వెలుగు ఇస్తుంది గానీ పిల్లలకు కావలసిన వేడి ఇవ్వదు. పాతరకం వంద వాట్ల బల్బు వెతికి తెచ్చుకోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు క్రింద గుంపుకట్టి అరుస్తుంటే చలి. దడి అంచుకు పోయి నోళ్ళు తెరిస్తే వేడెక్కువ. అంతటా సమంగా పరచుకుని తింటూ పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్లు. రాత్రి కరెంటు పోతే మీరు లేవాలి. డెబ్భై ఏళ్ళ వయస్సులో నెల రోజులపాటు రాత్రిళ్ళు రెండుసార్లు లేవగలరా అన్నది ఆలోచించుకోండి. (ఎలాగూ లేస్తామండీ అని వెనుక వరుస నుండి ఒక మిత్రులు అన్నారు. సభలో నవ్వులు.)

అందుచేత నా సలహా, నెల దాటిన పిల్లలను కొనండి. ప్రభుత్వ పెరటి కోళ్ళ పథకంలో మదర్ యూనిట్లనే పద్ధతి ఉంది. ఒకరోజు పిల్లలను తెచ్చి నాలుగు వారాలు పెంచి, టీకాలు వేసి, ఆపైన ఇస్తారు. ధర ఎక్కువే. కానీ అందులో సగం మీ నిద్ర ధర అనుకోండి. పైగా ఇంకొన్ని వారాలు ఆగితే తురాయిని బట్టి ఏది పుంజో చాలావరకు తెలిసిపోతుంది, పెట్టలనే ఎంచుకోవచ్చు.

పిల్లను చేతిలోకి తీసుకుని చూడండి. కళ్ళు మెరుస్తూ ఉండాలి, బొడ్డు మానిపోయి ఉండాలి, వెనుకభాగం పొడిగా ఉండాలి, కాళ్ళు నిగనిగలాడాలి. వెల్లకిలా పెడితే వెంటనే లేచి నిలబడాలి. మారెక్స్ టీకా వేశారా అని అడగండి, అది పుట్టినరోజే వేయవలసినది. ప్రొద్దున చల్లగా ఉండగానే ఇంటికి తెచ్చుకోండి. రోహిణి కార్తెలో మాత్రం కొనవద్దు. సంతలో కొన్నవైతే పాత కోళ్ళలో కలపకుండా మూడు వారాలు వేరుగా ఉంచండి.

టీకాల దగ్గరే సంఘం అవసరం కనబడుతుంది. కొక్కెర తెగులు, అదే రాణిఖేత్, వస్తే పెరట్లో ఒక్క కోడి మిగలకపోవచ్చు. మందు లేదు, టీకాయే గతి. మొదటి వారంలో లసోటా కంటిచుక్క, నాలుగో వారంలో మళ్ళీ అదే, ఎనిమిదో వారంలో ఆర్.టు.బి. ఇంజెక్షను. ఆరేడు వారాల మధ్య మశూచి టీకా. మధ్యలో గంబోరో టీకా కూడా ఉంది. సీసా వందల డోసులుగా వస్తుంది. కలిపిన రెండు గంటల లోపల వాడేయాలి. నాలుగు పెట్టలవాడు ఆ సీసా కొని ఏం చేస్తాడు? ఇరవైమంది కలిసి ఒకే వయస్సు పిల్లలను తెచ్చుకుంటే, ఒకే రోజున అందరి కోళ్ళకూ వేయించవచ్చు. ప్రతిపాదనకు నేను మద్దతు ఇవ్వడానికి అసలు కారణం ధరలో తగ్గింపు కాదు, ఇది.

తిండి గురించి రెండు మాటలు. ఉప్పు ఎక్కువైన పదార్థాలు, ఊరగాయ కలిపిన అన్నం కోళ్ళకు విషం. బూజుపట్టిన మొక్కజొన్న, వేరుశనగ పెట్టవద్దు. గుడ్డుపెంకు పలుచబడితే ఆలిచిప్పల పొడి వేయండి. గూటి లోపల కోడికి రెండు చదరపు అడుగులైనా ఉండాలి, చుట్టూ పాము దూరని సన్న వల ఉండాలి. నీళ్ళు రోజూ మార్చాలి.

బర్డ్ ఫ్లూ సంగతి అడగకుండా మీరు నన్ను వదలరని తెలుసు. మనదేశంలో అది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో ఒక చిన్నపాప ఆ జబ్బుతో చనిపోయింది కూడా. బాగా ఉడికిన గుడ్డు, మాంసం వల్ల భయం లేదు. చచ్చిన, జబ్బుపడిన కోడిని ముట్టుకోవడం వల్లనే భయం. ఒకేసారి రెండు మూడు కోళ్ళు హఠాత్తుగా చనిపోతే కొయ్యవద్దు, పనిమనిషికి ఇవ్వవద్దు, కాలువలో పారేయవద్దు. పశువుల ఆస్పత్రికి కబురు చేయండి. వ్యాధి నిర్ధారణ అయితే, ఆ చోటి చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నింటినీ, మీవి ఆరోగ్యంగా ఉన్నా సరే, తీసుకుపోయి చంపుతారు. ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అయినా ఆ రోజు కష్టంగానే ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా కోళ్ళను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మనుమలకు ఇది గట్టిగా చెప్పండి, ముద్దులాడనివ్వకండి.

చివరిగా, పెట్ట రెండేళ్ళ దాకా బాగా గుడ్లు పెడుతుంది. ఆ తరువాత తగ్గిపోతాయి. కానీ మరో మూడు నాలుగేళ్ళు బ్రతికే అవకాశం ఉంది. గుడ్లు మానిన పెట్టను కొస్తారా, అమ్ముతారా, ఉంచుకుంటారా అన్నది మీ ఇష్టం. ఉంచుకుంటే దానికీ దాణా వేయాలి. పనిచేయడం మానేసినా మనకు నెల నెలా అందుతున్నది కదా అని ఒక సోదరి అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కార్యవర్గానికి నా సూచన ఇది. దసరా వెళ్ళాక, ఎండ తగ్గి వానలు వెనుకబట్టాక, నెల దాటిన గ్రామప్రియ పిల్లలను తెప్పిద్దాం. మనిషికి ఆరు మించకూడదు. కావలసినవారు ఆఫీసు రూములో ఉన్న రిజిస్టరులో పేరు వ్రాయండి. అందులో మూడో గడి గీయించాను. మీరు ఊళ్ళో లేనప్పుడు గూటి తలుపు వేసే మనిషి పేరు అక్కడ వ్రాయాలి. వీలైతే ఆ మనిషి చేతనే సంతకం పెట్టించండి. ఆ గడి ఖాళీగా ఉన్నవారికి ఈసారి పిల్లలు ఇవ్వవద్దని అధ్యక్షులవారిని కోరుతున్నాను.